చలికాలంలో దొరికిన ఉడుత పిల్లలు: ముందు వెచ్చదనం, ఆ తర్వాతే పాలు

మీరు హనుమకొండ నుంచి రాశారు. కరెంటు తీగలకు అడ్డమొస్తున్నాయని ఇంటి ముందు చెట్టు కొమ్మలు కొట్టించారు. గూడుతో పాటు మూడు ఉడుత పిల్లలు కింద పడ్డాయి, ఒకటి అక్కడికక్కడే చనిపోయింది. మిగతా రెండూ ఇంకా కళ్ళు తెరవలేదు, ఒంటి మీద సన్నటి నూగు మాత్రం ఉంది. రెండు రోజులైనా తల్లి రాలేదు. దూది ముంచి ఆవుపాలు పిండుతున్నారు. ఒకదానికి కడుపు ఉబ్బింది. రాత్రి చలి ఎక్కువగా ఉంది, ఈ చలికాలం దాటేదాకా వీటిని ఇంట్లో ఎలా కాపాడాలి అని అడిగారు.

ముందుగా ఒక్క మాట. ఇప్పుడు పడుతున్న పాలు ఆపండి. పిల్లల్ని వెచ్చబెట్టండి. మిగతాది ఆ తర్వాత చదువుకోవచ్చు.

నేను పన్నెండేళ్ళుగా ఇలా దొరికిన ఉడుత పిల్లల్ని సాకి వదులుతున్నాను. నా చేతిలో మొట్టమొదట చనిపోయిన పిల్ల కూడా డిసెంబరులోనే దొరికింది. పట్టుకుంటే చల్లగా ఉంది. పాపం ఆకలితో ఉందని గబగబా పాలు పట్టాను. తాగింది కూడా. సంతోషించి పడుకోబెట్టాను. తెల్లారేసరికి కడుపు రాయిలా బిగిసి చనిపోయి ఉంది. తర్వాత తెలిసింది, ఒళ్ళు చల్లబడిన పిల్లకి అరుగుదల ఆగిపోతుంది. పాలు కడుపులోనే ఉండి పులుస్తాయి, గ్యాస్ పడుతుంది. చలికాలంలో ఉడుత పిల్లలు ఆకలికంటే చలికి, చలిలో తొందరపడి పట్టిన పాలకి ఎక్కువగా పోతాయి. అందుకే వరస ఎప్పుడూ ఇదే: వెచ్చదనం, తర్వాత నీళ్ళు, ఆ తర్వాత పాలు.

వెచ్చదనం అంటే ఎంత? మీ అరచేతిలో పెట్టుకుంటే పిల్ల మీ చేతికంటే చల్లగా అనిపించకూడదు. చేతికి చల్లగా తగిలితే ముందు రవిక లోపలో, చొక్కా జేబులోనో పెట్టుకోండి. అరగంట, గంట అలా ఒంటికి ఆనించి ఉంచితే మెల్లగా కదలడం మొదలుపెడుతుంది. ఒక్కసారిగా వేడి చెయ్యకూడదు. హీటర్ ముందు పెట్టొద్దు, బల్బు కింద పెట్టొద్దు. బల్బు వేడికి ఒంట్లో నీరు ఆరిపోతుంది, చర్మం కాలుతుంది. అది చీకట్లో తల్లి పొట్ట కింద ఉండాల్సిన ప్రాణి.

తర్వాత పెట్టె. చెప్పుల అట్టపెట్టె చాలు, మూతకి నాలుగు చిల్లులు పెట్టండి. మన ఇళ్ళలో చలికాలం రాత్రి బండలు, టైల్స్ ఎంత చల్లబడతాయో తెలుసుగా, పెట్టెని నేల మీద పెట్టకండి. స్టూలు మీద నాలుగైదు మడతల న్యూస్‌పేపరు వేసి, దాని మీద పెట్టండి. లోపల పాత నూలు చీర ముక్కలో, ఫ్లానెల్ గుడ్డో వెయ్యండి. టర్కీ టవలు, అల్లిన స్వెటరు వద్దు, వాటి పోగుల్లో గోళ్ళు చిక్కుకుని కాళ్ళు మెలిపడతాయి. విడి దూది కూడా అంతే. వేడినీళ్ళు పోసిన చిన్న సీసాకి సాక్స్ తొడిగి పెట్టెలో ఒక పక్కన మాత్రమే పెట్టండి. రెండో పక్క ఖాళీగా ఉండాలి. ఎక్కువ వేడి అనిపిస్తే పిల్ల అటు పాకుతుంది. మీ పిల్లల వయసుకి పెట్టెలో వెచ్చని పక్క 30 డిగ్రీల దగ్గర ఉంటే మంచిది. అసలు నూగు కూడా లేని ఎర్రటి పిల్లలకైతే ఇంకో మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువ కావాలి. సీసా నీళ్ళు మూడు నాలుగు గంటలకి చల్లబడతాయి, రాత్రి ఒకసారైనా లేచి మార్చాలి. సీసా చల్లబడిందంటే అదే పిల్లల ఒంట్లో వేడిని లాగేస్తుంది. ఈ సంగతి తెలియక పొద్దుటికి పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్ళు చాలామంది.

చీమల సంగతి. పాల వాసనకి చీమలు వస్తాయి, కళ్ళు తెరవని పిల్ల వాటి నుంచి తప్పించుకోలేదు. మన పెద్దవాళ్ళు మిఠాయి డబ్బాలు దాచినట్టే, స్టూలు కాళ్ళ కింద నీళ్ళు పోసిన పళ్ళేలు పెట్టండి. చీమల మందు, చీమల చాక్‌పీసు ఆ గదిలోకే రానివ్వొద్దు. దోమల కాయిల్, అగరొత్తులు, సాంబ్రాణి పొగ కూడా వద్దు. వాటి ఊపిరితిత్తులు చిటికెన వేలి గోరంత ఉంటాయి.

ఇక మీ ఉబ్బిన పిల్ల. మీ ఉత్తరంలో ఒక విషయం రాయలేదు: దానికి మూత్రం, మలం పోయిస్తున్నారా? కళ్ళు తెరవని ఉడుత పిల్ల తనంతట తాను పోసుకోలేదు. తల్లి నాకితేనే వస్తుంది. చాలామందికి ఇది తెలియదు, పాలు పడుతూ ఉంటారు, కడుపు ఉబ్బుతుంది, పాలు పడలేదు అనుకుంటారు. గోరువెచ్చని నీళ్ళలో తడిపిన దూది ఉండతో పొట్ట కింది భాగం, తోక మొదలు దగ్గర మెల్లగా, తల్లి నాలుకతో నాకినట్టు, రుద్దుతూ ఉండండి. ఒక నిమిషంలోపే మూత్రం వస్తుంది. ప్రతిసారీ తాగించే ముందూ తర్వాతా ఇలా చెయ్యాలి. మలం రోజుకి కొన్నిసార్లే రావచ్చు, దానికి కంగారు పడొద్దు. మూత్రం ముదురు పసుపుగా ఉంటే ఒంట్లో నీరు తక్కువైందని అర్థం. కళ్ళు తెరిచిన కొద్ది రోజులదాకా ఈ పని తప్పదు.

ఇలా చేశాక కూడా పొట్ట బిగుతుగానే ఉంటే ఒకటి రెండుసార్లు పాలు పూర్తిగా మానేసి ఓఆర్ఎస్ నీళ్ళు మాత్రం చుక్కలుగా పట్టండి. పొట్టని గోరువెచ్చని గుడ్డతో కాపడం పెడుతూ, వేలి కొసతో కిందివైపుకి నిమరండి. ఒక పూటలో తగ్గకపోతే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. మనుషుల గ్యాస్ మందులు, పారాసిటమాల్ వంటివి సొంతంగా వెయ్యొద్దు.

నీళ్ళ సంగతి కూడా చెబుతాను. వెచ్చబడిన పిల్లకి మొదటి రెండుసార్లూ ఓఆర్ఎస్ మాత్రమే. మందుల షాపులో దొరికే ప్యాకెట్, దాని మీద ఎన్ని నీళ్ళని రాసి ఉంటే అన్నిట్లోనే, పెద్ద ప్యాకెట్ అయితే ఒక లీటరులో, కలపండి. రోజు దాటితే పారబోసి కొత్తది కలపండి. చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలితే వెంటనే సర్దుకోవాలి. అలాగే మడతపడి నిలబడితే నీరు చాలలేదు.

పాలు. ఆవుపాలు, గేదెపాలు వద్దు. ఉడుత తల్లి పాలలో కొవ్వు, మాంసకృత్తులు చాలా ఎక్కువ, పాలచక్కెర తక్కువ. ఆవుపాలు దానికి తలకిందులు. అందుకే విరేచనాలు, ఉబ్బరం. మన దగ్గర అందరికీ దొరికేది కుక్కపిల్లల కోసం అమ్మే పాలపొడి. పెంపుడు జంతువుల షాపులో ఉంటుంది, ఆన్‌లైన్‌లో కూడా వస్తుంది. అది చేతికొచ్చేదాకా ఒకటి రెండు రోజులు కాచి చల్లార్చిన మేకపాలతో నెట్టుకురావచ్చు. పసిపిల్లలకి పట్టే సీసా పాలపొడి, సెరిలాక్, చక్కెర నీళ్ళు వీటికి చాలవు. కొత్త పాలు ఒక్కసారిగా పట్టొద్దు. మొదట ఒక వంతు పాలకి మూడు వంతుల ఓఆర్ఎస్, తర్వాత సగం సగం, తర్వాత మూడు వంతుల పాలు, ఇలా ఒకటిన్నర రోజులో పూర్తి పాలకి రండి.

ఎంత పట్టాలి అన్నది అందరూ కళ్ళతో చూసి చెబుతారు. అది తప్పు. బంగారం తూచే చిన్న డిజిటల్ త్రాసు ఒకటి కొనండి, ఈ పనిలో అంతకంటే ఉపయోగపడే వస్తువు లేదు. పిల్ల బరువులో ఇరవయ్యో వంతు ఒకసారికి సరిపోతుంది. 20 గ్రాముల పిల్లకి 1 మిల్లీలీటరు. ఇంకా అడుగుతున్నా ఆపెయ్యాలి, తర్వాతిసారి మళ్ళీ పడతారుగా. మీ పిల్లలకి పగలు మూడు గంటలకోసారి, రాత్రి పన్నెండింటికి ఒకసారి, తెల్లవారుజామున నాలుగున్నరకో ఐదింటికో ఒకసారి. కళ్ళు తెరిచాక నాలుగు గంటలకోసారి చాలు, నడిరాత్రి లేవక్కర్లేదు. రోజూ ఒకే సమయానికి, పొద్దున మొదటి పాలకి ముందు, తూచి పుస్తకంలో రాసుకోండి. బరువు ఒకరోజు పెరగకపోతే గమనించండి. రెండో రోజు తగ్గితే పిల్ల చురుగ్గా కనిపించినా ఏదో జరుగుతోందని అర్థం.

దూదితో పిండడం మానెయ్యండి. ఎంత లోపలికి వెళ్ళిందో తెలియదు, దూది పోగులూ మింగుతుంది. 1 మిల్లీలీటరు సిరంజి తీసుకుని సూది పారెయ్యండి. సైకిల్ షాపులో వాల్వ్ ట్యూబ్ అడిగితే ఇస్తారు, దాన్ని వేడినీళ్ళలో మరిగించి, చిన్న ముక్క సిరంజి కొసకి బిగించండి. బియ్యపు గింజంత మాత్రమే బయటికి ఉండాలి. పళ్ళొచ్చాక దాన్ని కొరికి మింగేస్తాయి కాబట్టి ప్రతిసారీ లాగి చూసుకోండి.

పట్టే తీరు దీనికంటే ముఖ్యం. మనం పసిపిల్లల్ని ఒళ్ళో వెల్లకిలా వేసుకుని పట్టినట్టు ఉడుత పిల్లకి ఎప్పుడూ పట్టకూడదు. గుడ్డలో చుట్టి, పొట్ట కిందికి, తల కొంచెం పైకి ఉండేలా, చెట్టు కొమ్మని పట్టుకున్నట్టు నిలువుగా పట్టుకోండి. చుక్క పెదవికి తగిలించండి, అదే చప్పరించాలి. మీరు నొక్కి తోయకండి. ఆత్రంగా లాగేవాటికైతే సిరంజి పిస్టన్ వెనక్కి పట్టి ఉంచాలి. ముక్కులోంచి పాలు బుడగ వచ్చిందా, వెంటనే ఆపి తల కిందికి వంచి ముక్కు తుడవండి. మళ్ళీ మామూలుగా ఊపిరి తీసేదాకా పట్టొద్దు. చెవి దగ్గర పెట్టుకుని వినండి. ఊపిరిలో టిక్ టిక్ అని చప్పుడు వినిపిస్తే, నోరు తెరిచి గాలి పీలుస్తుంటే పాలు ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి న్యుమోనియా పట్టింది. అది ఇంటి వైద్యంతో తగ్గదు, అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

పిల్లి నోట్లోంచి తీసిన పిల్ల అయితే గాయం పైకి కనపడకపోయినా వెంటనే డాక్టరుకి చూపించండి. పిల్లి కోరల్లో ఉండే సూక్ష్మక్రిములు ఒకటి రెండు రోజుల్లో ప్రాణం తీస్తాయి, యాంటీబయాటిక్ తప్పదు. చిన్న జీవులకి మోతాదు లెక్క వేసేటప్పుడు గ్రాముల బరువు చెప్పండి. కుక్కలు, గేదెలు మాత్రమే చూసే డాక్టర్లు కొందరు "ఉడుతకి వైద్యమేమిటమ్మా" అంటారు. అలా అన్నవాళ్ళ దగ్గర ఆగకుండా ఇంకొకరిని వెతకండి. మీ బరువుల పుస్తకం పట్టుకెళ్తే చాలామంది శ్రద్ధగానే చూస్తారు.

మీకు తల్లి ఇక రాకపోవచ్చు. కానీ ఇది చదివే మిగతావాళ్ళ కోసం చెబుతున్నాను: పిల్ల దొరికిన మొదటి రోజే ఇంట్లోకి తెచ్చేసుకోకండి. తల్లికి మామూలుగా ఇంకో గూడు ఉంటుంది, పిల్లల్ని నోట కరుచుకుని అక్కడికి మోసుకెళ్తుంది. మనిషి ముట్టుకుంటే తల్లి వదిలేస్తుందన్నది నిజం కాదు. పిల్లని వెచ్చబెట్టి, వెచ్చని సీసాతో పాటు మూత లేని చిన్న డబ్బాలో పెట్టి, అదే చెట్టుకి పిల్లి అందనంత ఎత్తున కట్టండి. పాలు పట్టకండి. మీరు దూరంగా, కనపడకుండా కూర్చోండి. పగలంతా చూడండి, ఎక్కువసార్లు వచ్చి తీసుకెళ్తుంది. సాయంత్రం చలి మొదలయ్యాక మాత్రం అక్కడ ఉంచొద్దు, లోపలికి తెచ్చి మర్నాడు పొద్దున మళ్ళీ పెట్టి చూడండి.

ఇంకో సంగతి. ఉడుత పెంపుడు జంతువు కాదు. మీరు చేస్తున్నది బతికించి వదలడం, పెంచుకోవడం కాదు. అటవీ శాఖ వాళ్ళకి మొదట్లోనే ఫోను చేసి చెప్పండి. మీకు దగ్గర్లో వన్యప్రాణుల్ని సాకే కేంద్రం ఉంటే అప్పగించడమే మంచిది. వాళ్ళ దగ్గర అదే వయసు పిల్లలు ఇంకొన్ని ఉంటాయి.

మన ఉడుతలు చలికాలంలో నిద్రపోవు. చలి దేశాల్లో కొన్ని జంతువులు నెలల తరబడి పడుకుంటాయని చదివి, మెత్తబడి పడుకున్న పిల్లని "చలి నిద్రలో ఉంది" అని వదిలేసినవాళ్ళని చూశాను. మూడు చారలదైనా, ఐదు చారలదైనా, మన ఉడుతకి ఆ అలవాటు లేదు. కదలకుండా పడుకుని, ముట్టుకుంటే చల్లగా ఉంటే అది చలికి ఒరిగిపోతోందన్నమాట.

మూడు, నాలుగు వారాల మధ్య కళ్ళు తెరుస్తాయి. ఆ తర్వాత పది రోజులకి కొరకడం మొదలుపెడతాయి. సరిగ్గా ఇక్కడే రెండో పెద్ద తప్పు జరుగుతుంది. ఉడుత అనగానే అందరి చేతిలోకీ పల్లీలు వస్తాయి. అవి ఇష్టంగా తింటాయి కూడా. పల్లీలు, పొద్దుతిరుగుడు గింజలు, మొక్కజొన్న వీటన్నిటిలో కాల్షియం చాలా తక్కువ, భాస్వరం ఎక్కువ. అవే తింటూ ఎండ తగలకుండా ఇంట్లో ఉన్న పిల్లకి ఎముకలు మెత్తబడతాయి. నేను సాకిన ఒక పిల్ల రెండున్నర నెలల వయసులో వెనక కాళ్ళు ఈడ్చడం మొదలుపెట్టింది. అంతకు ముందు వారం గంతులేసిందే. కాల్షియం ఇప్పించి, పల్లీలు పూర్తిగా మాన్పిస్తే నెల రోజులకి నిలబడింది గానీ మునుపటిలా దూకలేకపోయింది. దాన్ని వదలలేకపోయాను.

కాబట్టి ఘనాహారం మొదలుపెట్టినా తొమ్మిది పది వారాలదాకా పాలు ఆపొద్దు. మునగాకు రోజూ పెట్టండి, దానిలో కాల్షియం బాగా ఉంటుంది. ఉడికించిన గుడ్డు కొంచెం, జామ, క్యారెట్, నానిన పెసలు, ఉడికిన చిలగడదుంప చిన్న ముక్క పెట్టండి. ఈ కాలంలో రేగుపళ్ళు పుష్కలం, బయట అవి తినబోయేది కూడా అదే కాబట్టి అలవాటు చెయ్యండి. పక్షులకి అమ్మే కటిల్‌బోన్ (కాల్షియం ఉండే తెల్లటి సుద్దలాంటి ముక్క) ఒకటి బోనులో వేలాడదియ్యండి. పల్లీ రోజుకి ఒక్కటి, అది కూడా చివర్లో. అన్నం, బిస్కెట్, రొట్టె, మిఠాయి వద్దు. పొద్దుటి ఎండ అరగంట నేరుగా తగలాలి. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ లెక్కలోకి రాదు, ఎముకలకి కావాల్సిన కిరణాల్ని అద్దం ఆపేస్తుంది. బోనులో సగం నీడ ఉండాలి. కొరుక్కోవడానికి తొక్క తియ్యని జామ, వేప కొమ్మలు వెయ్యండి. ముందు పళ్ళు ఆగకుండా పెరుగుతూనే ఉంటాయి.

కళ్ళు తెరిచాక ముద్దు చెయ్యడం తగ్గించండి. ఇది చెప్పడం తేలిక, చెయ్యడం కష్టం, నాకు తెలుసు. భుజమెక్కి చెవిలో ముక్కు పెడుతుంటే దింపబుద్ధి కాదు. కానీ మనిషి మీద భయం పోయిన ఉడుత బయటికెళ్ళి ఏ పిల్లాడి కాళ్ళ దగ్గరికో, కుక్క దగ్గరికో వెళ్తుంది. మీకు రెండు ఉండడం అదృష్టం. ఒకదాన్నొకటి చూసి నేర్చుకుంటాయి, ఒకదాని వెచ్చదనం ఇంకొకదానికి అందుతుంది. పాలు మానాక తిండి పెట్టేటప్పుడు తప్ప దగ్గరికి వెళ్ళకండి. అవి మీ చేతిని కొరికితే కోపం తెచ్చుకోకండి, అడవి బుద్ధి వస్తోందని సంతోషించండి. గాయాన్ని సబ్బునీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి, టీకా సంగతి డాక్టరుని అడగండి.

మీ పిల్లలు ఇప్పుడు మూడు వారాలవైతే ఫిబ్రవరి మొదటికి పది వారాలు దాటతాయి. అది మంచి సమయం. చలి తగ్గుతుంది, బూరుగు పూస్తుంది, తర్వాత మోదుగ పూస్తుంది, ఆ పువ్వుల్లో తేనె కోసం ఉడుతలు వస్తాయి. సంక్రాంతికి ముందు మాత్రం వదలకండి, చెట్ల నిండా మాంజా దారాలు వేలాడుతుంటాయి. పండగయ్యాక మీరు వదలబోయే చెట్టుకి చిక్కుకున్న దారాలు తీయించండి.

వదలడానికి రెండు వారాల ముందే బోనుని ఆ చెట్టు కిందికి, వాన పడని చోటికి మార్చండి. అరంగుళం కన్నాల ఇనుప జాలీతో, నిలువుగా మూడు నాలుగడుగుల ఎత్తుంటే ఎక్కడం, దూకడం నేర్చుకుంటాయి. పైన కన్నం పెట్టిన ఎండు కొబ్బరిబోండం వేలాడదీసి, కింద కొబ్బరి పీచు పడెయ్యండి. ఆ పీచు నోట కరుచుకుని తమంతట తామే గూడు కట్టుకుంటే సిద్ధమయ్యాయన్నమాట. అప్పటికి గింజ పగలగొట్టడం, కుక్క మొరిగితే గూట్లోకి దూరడం కూడా రావాలి. మబ్బు లేని రోజు పొద్దున్నే తలుపు తెరిచి వచ్చెయ్యండి. చేత్తో తీసి చెట్టు మీద పెట్టొద్దు. మొదటి వారం రాత్రికి తిరిగొచ్చి ఆ బోండంలోనే పడుకోవచ్చు, తలుపు తెరిచే ఉంచి తిండీ నీళ్ళూ పెడుతూ ఉండండి. మెల్లగా తిండి తగ్గుతుంది, ఒకరోజు బోండం ఖాళీగా ఉంటుంది.

అదంతా ఇంకా ఏడెనిమిది వారాల తర్వాతి మాట. ఈ రాత్రికి మీరు చెయ్యాల్సింది వెచ్చని సీసా, దూదితో మూత్రం పోయించడం, రెండుసార్లు ఓఆర్ఎస్. పొద్దున రెండింటినీ తూచి బరువు, ఉబ్బరం తగ్గిందో లేదో రాయండి. ఒక్కోదానికి పాలు ఎంత కలపాలో, ఎంత పట్టాలో లెక్క వేసి చెబుతాను.